ఇంట్లో గడ్డకట్టే పాలపళ్లెం: పాల స్లిప్పులోని రెండు అంకెల పాఠం

సంఘంలో పాలు పోసిన సభ్యునికి ఇచ్చే స్లిప్పులో లీటర్లు, సొమ్ము కాక మరో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి వెన్న శాతం. రెండవది వెన్న కాని ఘన పదార్థాల శాతం, అనగా ఎస్.ఎన్.ఎఫ్. చాలామంది సభ్యులు సొమ్ము చూసుకుని స్లిప్పు మడిచి జేబులో పెట్టుకుంటారు. ఆ రెండు అంకెలు ఎక్కడి నుంచి వచ్చినవో, ఎందువల్ల తగ్గుతవో తెలుసుకోవడానికి ప్రయోగశాలకు పోనక్కరలేదు. ఇంట్లో ఒక తీపి వంటకం చేసి చూస్తే చాలు. ఈ పాఠంలో ఆ వంటకమూ, దానితోపాటు ఆ అంకెల అర్థమూ చెప్పుకుందాం.

వంటకం పేరు పాలపళ్లెం అనుకుందాం. అడుగున పప్పుండ పిండి వంటి పొర, దానిపైన చిక్కని పాలు, పెరుగు, మామిడి గుజ్జు కలిపిన పొర. అంతా ఫ్రీజరులో గడ్డకట్టిన తర్వాత ముక్కలుగా కోసి పెట్టడమే. పాలు మరిగించడానికి పొయ్యి కావాలి గాని, కాల్చడానికి ఓవెన్ అక్కరలేదు. అమెరికా దేశంలో ఇటువంటి వాటిని ‘ఐస్‌బాక్స్ పై’ అంటారు. ఇళ్ళలోకి కరెంటు ఫ్రిజ్‌లు రాకముందు అక్కడ మంచు దిమ్మ పెట్టి ఆహారం చల్లగా ఉంచుకునే పెట్టెలు ఉండేవి. ఆ పెట్టె పేరే వంటకానికి నిలిచింది. అక్కడ బిస్కట్ల పొడితో అడుగు వేసి, డబ్బా పాలు పోస్తారు. మనకు డబ్బా పాలతో పని లేదు. పాలు మన దొడ్డిలో ఉన్నవి, మామిడి బనగానపల్లెలో ఉన్నది, అరటి మహానందిలో ఉన్నది.

ఇంటికి పాలు తీసే పద్ధతి

వంటకం కంటే ముందు చెప్పవలసినది ఇది. పండుగకో, చుట్టాలు వచ్చినప్పుడో ఇంట్లో పాల వాడకం పెరుగుతుంది. ఆళ్ళగడ్డ వైపు గ్రామాలలో కనుమ నాడు మొదలై నెలకు పైగా ఊరూరా సాగే అహోబిలం పారువేట తమ ఊరికి వచ్చిన రోజున ప్రతి ఇంటా బంధువులు నిండుతారు. అటువంటి దినాలలో సభ్యులు రెండు విధాలుగా పాలు మిగుల్చుకుంటారు. కొందరు కావలసిన లీటర్లు పక్కన పెట్టుకుని మిగిలినవి సంఘానికి పోస్తారు. మరికొందరు లీటర్లు తగ్గకూడదని, పచ్చిపాలు కొంతసేపు నిలువనిచ్చి పైన తేలిన మీగడ తీసుకుని, అడుగు పాలు పోస్తారు. గేదె పాలలో వెన్న కణాలు పెద్దవి కావడం చేత మీగడ త్వరగా పైకి తేలుతుంది గనుక ఈ పని తేలిక.

తెలియకుండా జరిగే మీగడ తీత కూడా ఉంది. పాలు పితికేటప్పుడు మొదటి ధారలలో వెన్న తక్కువ, చివరి ధారలలో ఎక్కువ. చివర పితికిన చెంబెడు పాలు ఇంటికి ఉంచి మిగతా పాలు కేంద్రానికి పంపితే, వెన్నలో పెద్ద భాగం ఇంట్లోనే మిగిలిపోతుంది. అట్లాగే కదలకుండా ఉన్న బకెట్టులో పైపైన ముంచి తీసినా అదే ఫలితం. తర్వాత కేంద్రంలో వెన్న తక్కువ వచ్చిందని పరీక్షకుని మీద అనుమానపడితే ప్రయోజనం లేదు.

కావున పద్ధతి ఒక్కటే. గేదెను పూర్తిగా పితకండి. పాలన్నీ ఒకే పాత్రలో పోసి, గరిటెతో అడుగు నుంచి పైకి బాగా కలపండి. ఆ తర్వాత ఇంటికి కావలసినవి కొలిచి తీయండి. అప్పుడు ఇంటి పాలూ, సంఘం పాలూ ఒకే నాణ్యత గలవి అవుతాయి.

మీగడ తీస్తే లెక్క

ఒక లెక్క చూడండి. ఇంట్లో ఆరు లీటర్ల గేదె పాలు ఉన్నవి. వెన్న 7 శాతం, ఎస్.ఎన్.ఎఫ్. 9 శాతం అనుకుందాం. సులువు కోసం లీటరును కిలోగా లెక్కిద్దాం. నిజానికి లీటరు పాలు కిలో కంటే సుమారు 30 గ్రాములు ఎక్కువ తూగుతాయి. ఆరు లీటర్లలో ఉన్న వెన్న 420 గ్రాములు.

మొదటి పద్ధతి: పాలపళ్లెం కోసం లీటరున్నర తీసి, నాలుగున్నర లీటర్లు పోశారు. ఇంట్లో మిగిలిన వెన్న 105 గ్రాములు, ఇతర ఘన పదార్థాలు 135 గ్రాములు. సంఘానికి పోసిన పాలలో వెన్న 7 శాతమే. లీటరు రేటు తగ్గలేదు.

రెండవ పద్ధతి: అదే 105 గ్రాముల వెన్నను మీగడగా తీసి, మిగిలినదంతా పోశారు. లీటర్లు దాదాపు ఆరే ఉన్నవి గాని, వెన్న 420 నుంచి 315 గ్రాములకు దిగింది. శాతం సుమారు 5.25. వెన్న కిలోకు ఇంత అని ధర కట్టే చోట రెండు పద్ధతులలోనూ పోయిన సొమ్ము ఒకటే, ఎందుకంటే పోయిన వెన్న ఒకటే. కాని రెండవ పద్ధతిలో పిల్లల నోటికి చేరింది కొవ్వు మాత్రమే. ఎముకకూ, కండకూ కావలసిన మాంసకృత్తులూ, సున్నమూ డబ్బాలో వెళ్ళిపోయాయి. వెన్నకూ, ఎస్.ఎన్.ఎఫ్.కూ వేరువేరుగా విలువ కట్టే చోట మీగడ తీసినవానికి కొంత లాభం మిగిలినట్లు కనిపించవచ్చు. అయితే కొనుగోలుకు పెట్టిన కనీస వెన్న శాతం కంటే దిగితే కోత పడుతుంది, లేదా పాలే తిరిగి వస్తాయి.

ఇది ఒక్క ఇంటితో ఆగదు. సభ్యులందరి పాలు ఒకే ట్యాంకులో కలుస్తాయి. సంఘానికి వచ్చే ధర ఆ కలిసిన పాల పరీక్షను బట్టి ఉంటుంది. పండుగ వారంలో పది ఇళ్ళవారు మీగడ తీస్తే ఊరి పాల పేరే పలుచబడుతుంది. సంవత్సరాంతంలో బోనస్ పంచుకునే మిగులు ఇటువంటి చిన్న చిన్న పనుల వల్లనే కరిగిపోతుంది. ఇంట్లో పాలు వాడుకోవడం తప్పు కాదు, అది సభ్యుని హక్కు. వాడుకునేటప్పుడు పాలుగా వాడుకోవాలి, పోసే పాలలోని సారాన్ని తీసి కాదు.

ఇంటికీ పనికిరాని పాలు

సంఘానికి పోయకూడని పాలు ఇంటికి వాడుకోవచ్చు అనే అభిప్రాయం కొన్నిచోట్ల ఉంది. అది ప్రమాదకరం. పొదుగువాపు ఉన్న గేదె పాలు, మందుల సూదులు వేసిన తర్వాత పశువైద్యుడు చెప్పిన గడువు తీరని గేదె పాలు, పులిసిన వాసన వచ్చిన పాలు ఈ వంటకానికి పనికిరావు. ఈనిన మొదటి రోజుల పాలు జున్నుకు మంచివే గాని, మరిగిస్తే గడ్డకడతాయి గనుక పాలపళ్లెానికి వద్దు.

పచ్చిపాలు అసలే వద్దు. గడ్డకట్టిస్తే క్రిములు చచ్చిపోతాయని అనుకుంటారు. అది నిజం కాదు. చలికి క్రిములు నిద్రపోతాయి, కరగగానే మేల్కొంటాయి. గేదెలూ, ఆవులూ ఈసుకుపోయేట్లు చేసే బ్రుసెల్లోసిస్ రోగం పచ్చిపాల ద్వారా మనుషులకు కూడా సోకుతుంది. విడవకుండా వచ్చే జ్వరం, కీళ్ళ నొప్పులు దాని గుర్తులు. ఓవెన్‌లో కాల్చే వంటకంలో చివర వేడి తగులుతుంది, దీనిలో చివర తగిలేది చలి మాత్రమే. అందుచేత వేడి చేయవలసినది మొదటనే పూర్తిగా చేయాలి. పాత్రలు, గరిటెలు, వడకట్టే బట్ట వేడినీటిలో మరిగించి వాడాలి.

కావలసిన వస్తువులు

పన్నెండు ముక్కలకు సరిపోయే కొలతలు ఇవి. తొమ్మిది అంగుళాల వెడల్పు, రెండంగుళాల అంచు ఉన్న స్టీలు పళ్లెం కావాలి.

అడుగు పొరకు: వేయించి పొట్టు తీసిన బుడ్డలు, అనగా వేరుశనగ గింజలు, 150 గ్రాములు, పుట్నాల పప్పు 100 గ్రాములు, బెల్లం పొడి 80 గ్రాములు, కరిగించిన నెయ్యి 40 గ్రాములు.

పై పొరకు: చిక్కని గేదె పాలు ఒక లీటరు, కమ్మని పెరుగు చేయడానికి మరో అర లీటరు పాలు, చక్కెర 120 గ్రాములు, మామిడి గుజ్జు 200 గ్రాములు, మెత్తని బియ్యప్పిండి రెండు చిన్న చెంచాలు, ఏలకులు నాలుగు.

మామిడికి బేనీషా, అనగా బనగానపల్లె పండు, శ్రేష్ఠం. దానిలో పీచు లేదు, గుజ్జు నున్నగా వస్తుంది. ఈ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఆ ఊరు ఈ జిల్లాలోనే ఉంది. మామిడి లేని కాలంలో మహానంది ప్రాంతపు అరటిపండు వాడవచ్చు. అరటి నల్లబడకుండా గుజ్జులో చెంచాడు నిమ్మరసం కలపాలి. పుట్నాల పప్పుకు బదులు వేయించి విసిరిన కొర్రపిండి వాడినా బాగుంటుంది. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి సూర్యనంది వంటి కొర్ర రకాలు వచ్చాయి. మన నల్లరేగడి రైతులకు కొర్ర కొత్త పంట కాదు.

చేసే విధానం

ముందురోజు రాత్రి అర లీటరు పాలు కాచి, గోరువెచ్చన కాగానే తోడు వేయండి. ఉదయం పెరుగు తోడుకోగానే, పులవకముందే, మరిగించి ఆరబెట్టిన పలుచని బట్టలో మూట కట్టి, ఫ్రిజ్‌లో ఒక గిన్నెపై మూడు నాలుగు గంటలు వేలాడదీయండి. నీరు కారిపోయి సుమారు 220 గ్రాముల గట్టి పెరుగు మిగులుతుంది. కారిన నీటిని పారబోయకుండా మజ్జిగలో కలుపుకోవచ్చు.

లీటరు పాలను వెడల్పాటి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి మంట మీద పెట్టండి. పొయ్యి మీద పెట్టగానే శుభ్రమైన గరిటె కాడ నిలువుగా ముంచి, పాలు తడిపిన మేరకు గీత గుర్తు పెట్టుకోండి. ఒక పొంగు వచ్చిన తర్వాత మంట తగ్గించి, అడుగంటకుండా కలుపుతూ, పక్కలకు అంటిన మీగడను గీకి పాలలోనే వేస్తూ మరిగించండి. కాడ మీద తడి గుర్తు సగానికి దిగినప్పుడు పాలు సుమారు అర కిలో అయినట్లు. ముప్పావు గంట పట్టవచ్చు. చివరి ఐదు నిమిషాలలో బియ్యప్పిండిని చల్లని పాలు నాలుగు చెంచాలలో కలిపి పోసి, పచ్చి వాసన పోయేదాకా ఉడికించండి. సగం చక్కెర వేసి కరిగించి దింపండి.

మామిడి పండ్లు కడిగి, తొక్క తీసి గుజ్జు చేసి, మిగిలిన చక్కెర కలిపి ఒక ఉడుకు రానిచ్చి దింపండి. అరటి అయితే ఉడికించనక్కరలేదు, కాని ఆ పళ్లెం రెండు రోజులలో తినేయాలి.

పాలూ, గుజ్జూ పూర్తిగా చల్లారిన తర్వాత ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచండి. వేడి పాలలో పెరుగు గాని, మామిడి గాని కలిపితే పులుపుకు పాలు విరుగుతాయి. ఈ ఒక్క జాగ్రత్త మరువరాదు.

ఈలోగా బుడ్డలు, పుట్నాలు విడివిడిగా పొడి చేయండి. బుడ్డలను ఎక్కువసేపు తిప్పితే నూనె వదిలి ముద్ద అవుతుంది, రవ్వలా ఉండగానే ఆపాలి. బెల్లం, నెయ్యి కలిపి, పిడికిలితో నొక్కితే ఉండ నిలిచేట్లు చేయండి. పళ్లెంలో వేసి, గిన్నె అడుగుతో సమంగా అదిమి, అంచు వరకు ఎక్కించండి. ఫ్రీజరులో పావుగంట ఉంచితే నెయ్యి గట్టిపడి పొర బిగుసుకుంటుంది.

చల్లబడిన పాలలో గట్టి పెరుగు, మామిడి గుజ్జు, ఏలకుల పొడి వేసి కవ్వంతో బాగా చిలకండి. ఆ గిన్నెకు మూత పెట్టి ఫ్రీజరులో ఉంచండి. గంటన్నర రెండు గంటలకు అంచుల వెంట గడ్డకట్టడం మొదలవుతుంది. తీసి చిలకండి. మరో గంటకు మళ్ళీ ఒకసారి చిలికి, అడుగు పొరపై పోసి, పైన మూత బిగించి రాత్రంతా ఫ్రీజరులో ఉంచండి. మరునాడు పది నిమిషాలు బయట ఉంచి, వేడినీటిలో ముంచి తుడిచిన కత్తితో కోయండి.

ఎందుకు మెత్తగా గడ్డకడుతుంది

నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. పాలు అంతకంటే కొద్దిగా దిగువన, సున్నాకు సుమారు అర డిగ్రీ కింద గడ్డకడతాయి. పాలలో కరిగి ఉన్న పాలచక్కెర, లవణాలు ఇందుకు కారణం. పాలలో నీళ్ళు కలిపిన కొద్దీ ఈ స్థానం సున్నా వైపుకు జరుగుతుంది. నీళ్ళ కల్తీ పట్టడానికి డెయిరీ ప్రయోగశాలలలో పాలను గడ్డకట్టించి చూసే పరీక్ష ఈ సూత్రం మీదనే నడుస్తుంది. అమెరికాలో హోర్ట్‌వెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1920 దశకంలో అందుకోసం తయారుచేసిన పరికరం చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది.

మన పాలపళ్లెంలో చక్కెర కూడా ఉంది గనుక అది ఇంకా దిగువన గాని గడ్డకట్టడం మొదలుపెట్టదు. అప్పుడు కూడా నీరంతా ఒకేసారి గడ్డకట్టదు. వెన్న కణాలు, మాంసకృత్తులు, బియ్యప్పిండి మంచు పలుకుల మధ్య అడ్డుపడి, అవి పెద్దవి కాకుండా చూస్తాయి. మధ్యలో రెండుసార్లు చిలకడం కూడా పెరిగే పలుకులను విరగగొట్టడానికే. మంచు పలుకులు చిన్నవైతే నాలుకకు నున్నగా ఉంటుంది, పెద్దవైతే కరకరలాడుతుంది.

మన కొలతల లెక్క చూద్దాం. మరిగిన పాలు 500, పెరుగు 220, చక్కెర 120, గుజ్జు 200. మొత్తం సుమారు 1,040 గ్రాములు. లీటరున్నర పాల వెన్న 105 గ్రాములు గనుక వెన్న సుమారు 10 శాతం. అన్ని ఘన పదార్థాలు కలిపి సుమారు 36 శాతం. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఐస్‌క్రీముకు కావలసిన పాల వెన్న కనీసం 10 శాతం, మొత్తం ఘన పదార్థం కనీసం 36 శాతం. అంటే నీళ్ళు కలపని, మీగడ తీయని గేదె పాలు ఉంటే మన వంటగదిలోనే ఆ కొలతకు రావచ్చు.

ఆవు పాలైతే వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. రెండూ తక్కువ. మరిగించడానికి లీటరుకు బదులు లీటరున్నర తీసుకుని మూడో వంతుకు రానివ్వండి.

పళ్లెం చెప్పే తీర్పు

వంటకం చెడినప్పుడు చేతిని తప్పు పట్టేముందు పాలను చూడాలి.

మంచు పలుకులు కరకరలాడితే పాలలో నీళ్ళు ఉన్నవి, లేదా సగానికి మరిగించలేదు. వందకు పది నీళ్ళు కలిసిన పాలతో ఇదే కొలతలు చేస్తే ఘన పదార్థం సుమారు 34 శాతానికి పడిపోతుంది. ఆ రెండు శాతం తేడా నాలుకకు వెంటనే తెలుస్తుంది. కొలపాత్ర కడిగిన నీళ్ళు పాలలో ఒంపడం కూడా నీళ్ళు కలపడమే.

కత్తి దిగనంత గట్టిగా, రుచికి పేలవంగా ఉంటే వెన్న తక్కువ. పాలు కలపకుండా తీసి ఉంటారు, లేదా మీగడ పోయి ఉంటుంది.

మరిగేటప్పుడే పాలు విరిగితే పులుపు ఎక్కినవి. పితికిన తర్వాత ఎండలో నిలిచాయా, పాత్రకు నిన్నటి జిడ్డు ఉన్నదా చూసుకోవాలి. సాయంత్రం పాలకు ఈ దోషం ఎక్కువ.

నాలుకకు ఇసుకలా తగిలితే పాలు మరీ ఎక్కువగా ఇగిరిపోయి పాలచక్కెర పలుకు కట్టింది. సగం దగ్గర ఆపాలి.

పై నాలుగింటిలో మొదటి మూడూ కేంద్రంలో లాక్టోమీటరు, వెన్న పరీక్ష, పులుపు పరీక్ష పట్టే దోషాలే. అక్కడ రేటు తగ్గుతుంది, ఇక్కడ రుచి తగ్గుతుంది.

ఫ్రీజరు లేని ఇంట్లో

శుభ్రమైన మంచును చిన్న ముక్కలుగా కొట్టి, మూడు పాళ్ళ మంచుకు ఒక పాలు గల్లుప్పు కలిపితే ఆ మిశ్రమం సున్నాకు సుమారు 20 డిగ్రీల దిగువ వరకు చల్లబడగలదు. ఉప్పు తగలగానే మంచు కరుగుతుంది. కరగడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్నవాటి నుంచి లాగుకుంటుంది. 1843లో అమెరికాలో నాన్సీ జాన్సన్ పేటెంటు పొందిన చేతి ఐస్‌క్రీము యంత్రం ఈ సూత్రం మీదనే నడిచింది.

పళ్లెానికి బదులు బిగుతు మూత గల చదునైన స్టీలు డబ్బా తీసుకోండి. పాల మిశ్రమాన్ని మరో డబ్బాలో పోసి, ఉప్పు మంచులో పెట్టి, మధ్యమధ్య మూత తుడిచి తెరిచి చిలుకుతూ సగం గడ్డకట్టించండి. తర్వాత అడుగు పొర అదిమిన డబ్బాలో పోసి, మూత బిగించి, మళ్ళీ ఉప్పు మంచులో పూడ్చి, చుట్టూ గోనెసంచి కప్పండి. మూడు నాలుగు గంటలలో తినదగినంత గట్టిపడుతుంది. ఉప్పు నీరు లోపలికి పోకుండా చూడాలి. చేపలు నిలువ చేసే మంచు తినేవాటికి తగినది కాదు, డబ్బా బయట వాడినా చేతులు కడుక్కునే మూత తెరవాలి. ఉప్పు మంచును వట్టి చేత్తో పట్టుకోరాదు, చర్మం దెబ్బతింటుంది.

కరెంటు పోయినప్పుడు, ప్రయాణంలో

కరెంటు పోతే ఫ్రీజరు తలుపు తెరవకండి. నిండుగా ఉన్న ఫ్రీజరు మూసి ఉంచితే చలిని చాలా గంటలు నిలుపుకుంటుంది. పళ్లెం మెత్తబడినా మధ్యలో మంచు పలుకులు ఇంకా ఉంటే మళ్ళీ గడ్డకట్టించవచ్చు, కాని నునుపు తగ్గుతుంది. పూర్తిగా కరిగి చల్లగా ఉంటే మామిడి పానీయంగా అప్పటికప్పుడే తాగేయండి. కరిగి వెచ్చబడినదాన్ని తిరిగి గడ్డకట్టించి చుట్టాలకు పెట్టకూడదు. పైకి కొత్తదానిలా కనిపిస్తుంది గాని లోపల క్రిములు పెరిగి ఉంటాయి.

నంద్యాలలో చేసి ఆళ్ళగడ్డకు తీసుకుపోవాలంటే దూరం సుమారు 40 కిలోమీటర్లు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పళ్లెాన్ని థర్మోకోలు పెట్టెలో పెట్టి, చుట్టూ మంచు, ఉప్పు నింపిన బిగుతు సంచులు సర్ది, మూత అంటించి, తెల్లవారుజామున బయలుదేరండి. పెట్టెను బస్సు ఇంజను పక్కన గాని, ఎండ పడే కిటికీ దగ్గర గాని పెట్టకండి. అంతకంటే మంచి ఉపాయం, అడుగు పొర ఇక్కడ చేసుకుని, చల్లని పాలు, పెరుగు, గుజ్జు విడివిడిగా మంచులో తీసుకుపోయి అక్కడ గడ్డకట్టించడం.

కొనేటప్పుడు అట్ట చదవండి

అంగడిలో దొరికే గడ్డకట్టిన తీపి డబ్బాలు అన్నీ ఒకటి కావు. అట్టమీద ‘ఐస్‌క్రీం’ అని ఉంటే దానిలోని కొవ్వు పాల వెన్న. ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని ఉంటే పాల వెన్నకు బదులు వంటనూనె కొవ్వు వాడినట్లు. రెండూ చట్టప్రకారం అమ్మదగినవే, ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. ఏది కొనాలో కొనేవారి ఇష్టం. అయితే ఉదయం కేంద్రంలో పాల వెన్న అమ్మి, సాయంత్రం పిల్లలకు ఏ కొవ్వు కొనిపెడుతున్నామో పాల రైతు కుటుంబం తెలుసుకుని ఉండాలి. ఒక్కొక్క ముక్కలో దాదాపు 9 గ్రాముల పాల వెన్న, బుడ్డలతో పుట్నాలతో కలిపి దాదాపు 9 గ్రాముల మాంసకృత్తులు ఇచ్చే తీపి ఇంట్లోనే అవుతుంది. చక్కెర, బెల్లం కూడా ఉన్నవి గనుక మధుమేహం ఉన్నవారు దూరంగా ఉండాలి. చంటిపిల్లలకూ, బుడ్డలు పడనివారికీ పెట్టరాదు.

సరిచూసుకోండి

సంఘ సమావేశంలో కార్యదర్శి ఈ ప్రశ్నలు అడిగి సభ్యుల చేత చెప్పించవచ్చు.

1. ఇంటికి పాలు తీసేముందు చేయవలసిన పని ఏమి?
జవాబు: పూర్తిగా పితికి, అన్నీ ఒకే పాత్రలో పోసి, అడుగు నుంచి కలిపి, ఆ తర్వాత కొలిచి తీయాలి.

2. చివరి ధారల పాలు మాత్రమే ఇంటికి ఉంచితే ఏమవుతుంది?
జవాబు: వెన్న ఎక్కువ భాగం ఇంట్లో మిగిలి, సంఘానికి పోసిన పాల వెన్న శాతం తగ్గుతుంది.

3. గడ్డకట్టిస్తే పచ్చిపాలలోని క్రిములు చస్తాయా?
జవాబు: చావవు. పాలు ముందుగా మరిగించాలి.

4. నీళ్ళు కలిసిన పాలతో చేసిన పళ్లెం ఎట్లా ఉంటుంది?
జవాబు: మంచు పలుకులతో కరకరలాడుతుంది.

5. 6 లీటర్ల 7 శాతం పాల నుంచి 105 గ్రాముల వెన్న మీగడగా తీస్తే మిగిలిన పాల వెన్న శాతం ఎంత?
జవాబు: సుమారు 5.25.

ఈసారి పాలు పోసినప్పుడు స్లిప్పులోని రెండు అంకెలూ ఒక పుస్తకంలో రాసుకోండి. నెల రోజుల అంకెలు వరుసగా చూస్తే మేత మారిన వారం, చుట్టాలు వచ్చిన వారం, పాలు కలపకుండా తీసిన పూట, అన్నీ అందులోనే కనిపిస్తాయి.